సామాన్లబండి

"చూశావా, సామాన్లబండి మళ్ళీ ఆగిపోయింది!"

కెప్టెన్ అరుపుకు కంప్యూటర్ సెంటర్ అదిరిపోయింది.

కెప్టెన్ అంటే వారమంతా ఆసుపత్రిలో నర్సు. ఆదివారం పొద్దున మాత్రం కంప్యూటర్ ఆటలో ఆరు అంతరిక్ష దళాలను నడిపే మహారాణి.

పక్క కుర్చీలో ఆమె మరిది, బస్సు డ్రైవరు, తల పట్టుకున్నాడు.

"వదినా, నా ఫిరంగి నౌక తగలబడుతోంది. ఆ మరమ్మతు నౌకలు రాకపోతే నా పని గోవిందా!"

"సామాన్లబండీ! కదలవే, మొద్దు మెషీనా! ఎడమవైపు వెళ్ళు!"

కౌంటర్ దగ్గర ఎవరో ప్రింట్లు తీసుకుని వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది.

అప్పుడు కదిలింది సామాన్లబండి. ఎడమవైపే వెళ్ళింది. మరిది నౌక బతికింది.

ఈ ఆటలో జట్టుకు ఆరు దళాలుండాలి. వీళ్ళేమో ఐదుగురు. ఆరో ఆటగాడు నాలుగు నెలల కిందట వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. సరదాగా ఆడుకునే ఆటల్లో ఖాళీ కుర్చీని కంప్యూటరే నింపుతుంది. లీగ్ పోటీల్లోనూ అంతేననుకున్నారు. ఆ వారం ఆట మొదలవగానే ఆరో దళం దానంతటదే తెర మీదికి వచ్చింది కూడా. ఇక నిబంధనలు చదివే ఓపిక ఎవరికుంటుంది?

వచ్చిన దళాన్ని చూసి అందరూ పడీపడీ నవ్వారు. ఒక్క ఫిరంగి లేదు. ఐదు మరమ్మతు నౌకలు, రెండు ఇంధన నౌకలు. అందుకే దానికా పేరు.

తమాషా ఏమిటంటే, ఆ వారం నుంచే గెలవడం మొదలుపెట్టారు.

"దీని బుర్రలో ఉన్న రూలు ఒక్కటే," అని కెప్టెన్ తేల్చేసింది. "ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ళ దగ్గరికి పోవడం. అందుకని దీన్ని ఎరగా ముందుకు తోద్దాం. వాళ్ళు దీని మీద పడగానే మనం వెనకనుంచి కొడదాం."

"పాపం కదా వదినా?"

"మెషీన్‌కి పాపమేంట్రా!"

అలా సామాన్లబండి అందరికంటే ముందు వెళ్ళేది. చాలాసార్లు అందరికంటే ముందు పేలిపోయేది. మధ్యమధ్య ఆగినా, ముందుకు పొమ్మంటే ఒక్కసారీ మొరాయించలేదు.

మరిదికి మాత్రం ఒక అనుమానం తీరలేదు.

"అది సరే, నువ్విక్కడ అరిస్తే కంప్యూటర్‌కి ఎలా వినిపిస్తోంది?"

"ఇది ఏఐ కాలం రా. గోడలకే చెవులుంటే దానికుండవా?"

ఒకసారి కౌంటర్ మాస్టారు కల్పించుకున్నారు. ఆయన సెంటర్‌కి కొత్త. కుడిచేత్తో రిజిస్టరు రాస్తూ, వచ్చినవాళ్ళకు ప్రింట్లు అందిస్తూ ఎప్పుడూ బల్ల మీదికి వంగి ఉండేవారు.

"దాన్నలా తిట్టకమ్మా. అదీ నొచ్చుకుంటుందేమో."

"మీరు ప్రింటర్‌ని కూడా భోంచేశావా అని అడిగేలా ఉన్నారే మాస్టారూ!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

చూస్తుండగానే జట్టు సెమీఫైనల్‌కి చేరింది. మూడేళ్ళుగా ఆడుతున్నా అంతదాకా రావడం ఇదే మొదలు. పైగా వచ్చే నెల నుంచి నర్సుకు ఆదివారాలూ డ్యూటీయే. గెలిస్తే ఇప్పుడే గెలవాలి.

శనివారం సాయంత్రం ఆమె సెంటర్‌లో కూర్చుని కాగితం మీద వ్యూహం గీస్తుంటే మాస్టారు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, రేపటి ఆట గురించి ఒక్క మాట..."

"ఆట అయ్యాక చెప్పండి మాస్టారూ, ప్లీజ్. లెక్క తప్పుతుంది."

"అదే, ఆ ఆరో దళం..."

"మెషీన్ సంగతి నాకొదిలేయండి. మీకివన్నీ అర్థం కావు."

"సరేనమ్మా."

ఆయన మెల్లగా కౌంటర్ వెనక్కి వెళ్ళిపోయారు.

ఆదివారం కౌంటర్‌లో ఎవరో కొత్తమ్మాయి కూర్చుని ఉంది.

"మాస్టారేరీ?"

"నిన్నటితో వేరే బ్రాంచికి మారిపోయారండీ."

"అయ్యో, మాటమాత్రమైనా చెప్పలేదే!" అనుకుంటూ కెప్టెన్ ఎప్పటిలాగే చూడకుండానే ఆరో కుర్చీలో బ్యాగు పడేసింది. ఐదుగురూ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు.

తెర మీద అక్షరాలు వచ్చాయి. 'ఐదుగురు సిద్ధం. ఆరో అధిపతి కోసం ఒక్క నిమిషం.'

"ఇవాళ బద్ధకించింది. వస్తుందిలే," అంది కెప్టెన్.

ముప్పై సెకన్లు గడిచాయి. యాభై.

"సామాన్లబండీ! రావే తల్లీ! బంగారుతల్లివి కదూ!"

రాలేదు. జట్టు పోటీ నుంచి తప్పుకున్నట్టు తెర మీద పడింది.

కెప్టెన్ లీగ్ నిర్వాహకుడికి ఫోన్ చేసింది.

"మా ఆరో కుర్చీకి కంప్యూటర్ రాలేదేంటండీ?"

"లీగ్‌లో కంప్యూటర్ ఎప్పుడూ ఆడదమ్మా. ఆరుగురూ మనుషులే ఉండాలి."

"మరి ఈ నాలుగు నెలలూ?"

"మనిషే ఆడారు. మీ సెంటర్ లోంచే."

కెప్టెన్ ఫోన్ పెట్టేసింది. ఎన్ని తిట్లు తిట్టారో, ఎన్నిసార్లు చావడానికి ముందుకు తోశారో కెప్టెన్‌కి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇక ఇంటికి వెళ్దామని ఆరో కుర్చీలోంచి బ్యాగు తీసింది.

బ్యాగు కింద మడతపెట్టిన కాగితం ఉంది.

"అమ్మా, ఆదివారం నేనుండను. ఈ కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టుకోండి, లేకపోతే ఆడనివ్వరు. ఫిరంగులు పేల్చాలంటే రెండు చేతులూ కావాలి. నా కుడిచెయ్యి కౌంటర్ పనిలో ఉండేది, అందుకే ఎడమచేత్తో మరమ్మతులకే సరిపెట్టుకున్నాను. మధ్యలో జనం వచ్చినప్పుడు ఆగిపోయినందుకు ఏమీ అనుకోవద్దు. మీరు గెలవాలి. ఇట్లు, మీ సామాన్లబండి."