సంతకం పెట్టని పెద్దాయన

"అమ్మా, మీరు గెలిస్తే మేకు కొట్టుకోనిస్తారా?"

బస్టాండు గేటు పక్కన బల్ల వేసుకుని కూర్చున్న టైలరమ్మ తలెత్తి చూసింది.

ఎదురుగా ఓ పెద్దాయన. నున్నగా గీసిన గడ్డం, టక్ చేసిన తెల్లచొక్కా, చేతిలో మడిచిన గొడుగు.

"ఏ మేకండీ?"

"అద్దింటి గోడకి. 'అద్దె ఇళ్లవాళ్ల పార్టీ' అని బోర్డు పెట్టారుగా. మేకు కొడతానంటే మా ఓనరు ఒప్పుకోడు అంటారు అందరూ. మీరేం చేస్తారు?"

"కొట్టనిస్తాం. లేకపోతే క్యాలెండరు నెత్తికి తగిలించుకోవాలా?"

దారిన పోతున్న ఇద్దరు ఆగి నవ్వారు. వాళ్లని చూసి ఇంకో నలుగురు ఆగారు.

"గోడకి చిల్లు పడితే?" పెద్దాయన వదల్లేదు.

"ఖాళీ చేసేటప్పుడు మేమే పూడ్చిస్తాం. చెప్పాపెట్టకుండా అద్దె పెంచి మా కడుపుకి పెట్టే చిల్లు ఎవరు పూడుస్తారు?"

"అదీ మాటంటే!" అన్నాడు గుంపులో ఒకాయన. కలం అందుకుని సంతకం పెట్టాడు. వెనకాలే మిగతావాళ్లూ పెట్టారు.

"మరి మీ సంతకం?" అంది టైలరమ్మ.

"నాకింకా నమ్మకం కుదరలేదమ్మా. రేపు చూద్దాం." గొడుగు ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

టైలరమ్మ గట్టి మనిషి. కుట్టుమిషను మోసుకుంటూ ఇల్లు మీద ఇల్లు మారి మారి, ఒళ్లు మండి పార్టీ పెట్టింది.

పార్టీ పెట్టడం తేలికే. బ్యాలెట్ మీద దాని పేరు ఉండాలంటే మాత్రం ఐదువేల మంది ఓటర్లు సంతకాలు పెట్టాలి. అవి శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా అందాలి. అందకపోతే మళ్లీ ఎన్నికలదాకా ఆ ఊసే ఎత్తక్కర్లేదు.

పెద్దాయన రోజూ వచ్చేవాడు. రోజూ ఓ కొత్త మెలిక పెట్టేవాడు.

"ఓనర్లలో మంచివాళ్లు లేరా?"

"గెలిచాక మీరే ఓ ఇల్లు కొనుక్కుని ఓనరైపోతే?"

ఆయన గొంతు ముందు బస్సు హారన్ కూడా దిగదుడుపే. సంతకం మాత్రం రేపటికి రేపటికి వాయిదా. టైలరమ్మ మరిది ఆయనకి 'అడ్డుపుల్ల' అని పేరు పెట్టాడు.

చివరి వారం సోమవారంనాడు మరిదికి ఓపిక నశించింది.

"మీరు సంతకం పెట్టరు, మమ్మల్ని పని చేసుకోనివ్వరు. నిజం చెప్పండి, ఏ ఓనరు పంపాడు మిమ్మల్ని? లేక మీరే ఓనరా?"

పెద్దాయన నవ్వాడు.

"ఓనరులా కనిపించానా బాబూ?" అంటూ చొక్కా సవరించుకున్నాడు. "సంతోషం."

అలా నవ్వుతూనే వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకుంది టైలరమ్మ.

మర్నాడు ఆయన రాలేదు. జనమూ రాలేదు.

"ఒక్క సంతకం బాబూ..." అంటే "బస్సుకి టైమైంది" అంటూ తప్పుకునేవారే అందరూ. బుధవారం మధ్యాహ్నం దాకా బల్ల దగ్గర ఈగలు తోలుకున్నారు.

బల్ల చివర కూర్చుని బొత్తాలు కుడుతున్న అత్తగారు సూది పక్కన పెట్టింది.

"బతిమాలితే ఎవరాగుతారే? పోట్లాటంటే పనులు మానుకుని ఆగుతారు. ఆ పెద్దాయనతో నువ్వు వాదులాడినన్నాళ్లూ చూడు, ఎంత జనమో!"

టైలరమ్మ గతుక్కుమంది. మరిది తల దించుకున్నాడు.

"ఇప్పుడాయన్ని ఎక్కడని వెతకను అత్తయ్యా?"

"నేను లేనూ?" అత్తగారు లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. గొంతెత్తింది. "ఏమే కోడలా! నా గదికి అద్దె తగ్గించడం చేతకానిదానివి, ఊరి అద్దెలు తగ్గిస్తావుటే?"

అత్తాకోడళ్ల పోట్లాట చూడనివాళ్లు ఎవరుంటారు? కదలబోతున్న బస్సు దిగి మరీ వచ్చారు. గురువారం పొద్దుగూకేదాకా కలం ఆగలేదు.

శుక్రవారం ఎన్నికల ఆఫీసులో గుమాస్తా కాగితాలన్నీ సరిచూసి ముద్ర వేశాడు.

"అద్దె ఇళ్లవాళ్ల పార్టీ. బ్యాలెట్‌లోకి వచ్చేసినట్టే అమ్మా."

"ఇంకోసారి చదువు నాయనా," అంది అత్తగారు.

అతను మళ్లీ చదివాడు. టైలరమ్మకి కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకి సొంత ఇంట్లో నిలబడినంత గర్వంగా ఉంది.

"ముందు ఆ పెద్దాయనకి చెప్పాలి," అంది.

"కాళ్లు పట్టుకునైనా క్షమించమంటాను వదినా," అన్నాడు మరిది.

ముగ్గురూ బస్టాండుకి వెళ్లారు. లగేజీ గది కాపలాదారుని అడిగారు.

"గొడుగాయనా? లేడమ్మా. బెంచీల మీద పడుకునేవాళ్లందర్నీ నిన్న సాయంత్రం ఖాళీ చేయించారు. ఏదో బస్సెక్కించి పంపేశారు. ఎక్కడికో నాకూ తెలీదు."

"బెంచీల మీద పడుకునేవాళ్లతో ఆయనకేం పని?" అంది టైలరమ్మ.

కాపలాదారు ఆమె వంక చిత్రంగా చూశాడు.

"మొన్నా నిన్నా ఈ కిటికీ వదల్లేదమ్మా ఆయన. మీ అత్తగారు అరుస్తుంటే 'నాకన్నా బాగా జనాన్ని పోగేస్తోంది, ఇక ఫర్వాలేదు' అని మురిసిపోయాడు. బస్సెక్కేటప్పుడు కూడా పక్కవాళ్లకి మీ బల్ల చూపించి 'అది మా పార్టీ' అని ఒకటే చెప్పడం."

"మరి ఒక్క సంతకం ఎందుకు పెట్టలేదు?" అన్నాడు మరిది.

కాపలాదారు గోడవారగా ఖాళీగా ఉన్న బెంచీ కేసి చెయ్యి చూపించాడు.

"సంతకానికి ఓటుండాలి, ఓటుకి ఇంటి నంబరుండాలి, ఏళ్ల తరబడి ఆయన ఇల్లు అదే కదా బాబూ."