నీలి పట్టీలు

ఇస్త్రీ చేసిన నీలి పట్టీని లాజరు భుజాన సర్దుకుంటుంటే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

గళ్ల లుంగీ మనిషి. యాభై దాటి ఉంటాయి. చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నా పేరు పాండు. మా ఇంటామె సుక్కమ్మ పొద్దుగాల పానం ఇడిసింది."

"అయ్యో," అన్నాడు లాజరు. అంటూనే గోడ గడియారం చూశాడు.

ఆ రోజు సూర్యాపేటలో పునీత యోసేపు సహోదర సంఘానికి పాతికేళ్ల పండుగ. సంఘానికి లాజరే అధ్యక్షుడు. ముందు పూజ, తరువాత సభ, ఆ పైన బిర్యానీ.

ఆ సంఘంలో ఎవరింట్లో చావు జరిగినా ఆరుగురు సహోదరులు నీలి పట్టీలు వేసుకుని పెట్టెను భుజాల మీద మోస్తారు. వాళ్లు రోడ్డెక్కితే బస్సులు కూడా ఆగుతాయి.

"ఏం కావాలె?"

"మీరు మోస్తరని వచ్చిన సార్. 'నేను పోతే నీలి పట్టీలోళ్లే మోయాలె' అంటుండేది. ఆమెకు చిన్నప్పుడే జ్ఞానస్నానమైంది, పెన్‌పహాడ్‌ల. ఆదివారం ఆదివారం మీ చర్చికే వచ్చేది."

లాజరు సభ్యుల పుస్తకం తిప్పాడు.

"పేరు లేదు. పెన్‌పహాడ్ ఫాదర్ కాడికెళ్లి ఉత్తరం తెచ్చి గీడ రాయించుకోవాలె గదా?"

"గవన్నీ ఆమెకు తెల్వయి సార్."

"సంఘపోళ్లనే మోస్తం. అది రూలు. ఇయ్యాల నీకు మోస్తే రేపు ఊరంతా వస్తది."

"నలుగురొచ్చినా సాలు సార్. శ్మశానం గేటు కాడికెళ్లి గుంత దాక. అంతే."

"ఇయ్యాల పండుగ ఉన్నది. ఉత్తరం తే, రేపు సూద్దాం."

"రేపటి దాక పీనుగను ఎట్ల ఉంచాలె సార్?"

కోపంగా కాదు, తెలియక అడిగినట్టే అడిగాడు. లాజరు పుస్తకం మూసేశాడు. పాండు ఆయన మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసి, ఏదో అనబోయి ఆగాడు.

"మంచిది సార్," అని మెట్లు దిగిపోయాడు. చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

లాజరుకు మనసు చివుక్కుమంది. రూలు రూలే కదా అని సర్ది చెప్పుకున్నాడు.

సభలో మైకు అందుకున్నాడు.

"ఈ పాతికేళ్లల్ల మన సంఘం ఒక్క సహోదరుణ్ని గూడ భుజం లేకుండ పంపలేదు!"

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్య కృప మాత్రం తల దించుకుంది.

లాజరు మైకు కిందికి దించాడు.

భుజం లేకుండా ఒకరిని పంపారు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు, లాజరు నాన్నను. ఈ సంఘం పెట్టిందే ఆయన. ఆరుగురిలో ఒక్కడూ రాలేదు. కన్న కొడుకు లాజరు కూడా శ్మశానం గేటు దాటలేదు.

ఒళ్లంతా కప్పే తెల్ల సూటులో ఎవరో ఒక్కడే వచ్చాడు. మొహం కనపడలేదు. ముసలాయనను చంటిపిల్లలా చేతుల మీద ఎత్తుకుని గుంతలోకి దిగాడు.

"తల పైలం తాతా, గీడ రాయున్నది."

ఆ మాట గేటు దాకా వినిపించింది. ఆ రోజు నుంచి లాజరు కంటి నిండా నిద్రపోయింది లేదు.

మైకు వదిలేసి వచ్చి కృప పక్కన కూర్చున్నాడు.

"సుక్కమ్మ అంటే ఎవరు?"

"ఆఖరి వరుసల కూసుంటది. పూజ అయ్యేలోపు బయటికొచ్చి మనందరి చెప్పులు జతలు జతలుగ పెడ్తది. ఏమైంది?"

"సచ్చిపోయింది. మోయమని పెనిమిటి వచ్చిండు. పేరు లేదని పంపిన."

కృప ఆయన వైపు తిరిగింది.

"మామయ్యనే మోయలేదు. ఇగ మనకు రూలేంది?"

లాజరు లేచాడు. బిర్యానీ ముందు కూర్చున్న ఐదుగురినీ లేపాడు. "పట్టీలు ఏసుకోండ్రి, జల్ది," అన్నాడు.

శ్మశానం గేటు దగ్గర ట్రాలీ ఆటో ఖాళీగా ఉంది. లోపల గుంత పక్కన ఆటో డ్రైవరు ఒక్కడే నిలబడ్డాడు. పెట్టె లేదు. పాత చీరలో చుట్టిన సుక్కమ్మ అప్పటికే గుంతలో దిగిన పాండు చేతుల మీద ఉంది.

"పాండూ, ఆగు! మేం వచ్చినం!"

పాండు తల ఎత్తలేదు. భార్య తల కింద అరచెయ్యి పెట్టాడు.

"తల పైలం సుక్కీ, గీడ రాయున్నది."

లాజరు కాళ్లు ఈసారి కూడా గేటు దగ్గరే ఆగిపోయాయి. ఐదేళ్ల కింద తెల్ల సూటులోంచి తన నాన్నతో మాట్లాడిన గొంతు అదే.