పాట అయిపోయాక

కొత్త యంత్రాలు పాటలూ వీడియోలూ వేటినీ తమలో దాచుకోనివ్వని రోజులు కావడంతో, ఇంటింటా అటక మీది పాత కంప్యూటర్ మళ్లీ హాల్లోకి వచ్చింది. కొత్త కోడలు హిమజ అత్తింటి కంప్యూటర్‌ని శుభ్రం చేయడానికి కూర్చుంది. అందులో దాచిన ఒక్కో పాట ఫైలు చివరి ఖాళీని శుద్ధి ప్రోగ్రాం కత్తిరిస్తుంటే, చిక్కుడుకాయల కొనలు తుంచినంత సరదాగా ఉందామెకు.

"బావా, అత్తయ్య పాటలన్నీ శుద్ధి చేసేశా. మన పెళ్లి వీడియోకి బోలెడు చోటొచ్చింది."

కార్తికేయ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "చివర్లు కూడా తీసేశావా?"

"అక్కడేముంది, ఉత్త నిశ్శబ్దమేగా."

"అమ్మకి రికార్డింగ్ ఆపడం తెలిసేది కాదు హిమా. నాకు హాస్టల్‌కి పాట పాడి పంపేది. పాటయ్యాక వంటింట్లోంచి నాన్నతో, 'పిల్లాడు తిన్నాడో లేదో' అనేది, వినీ వినపడకుండా. ఆవిడ పోయాక నేను వినేది అదే."

తీసేసినవి తిరిగి రావని హిమజకు తెలుసు. అయినా ఒక పాట పెట్టింది. అత్తయ్య గొంతు హాలంతా తీయగా పరుచుకుంది. పాట ముగియగానే కార్తికేయ అలవాటుగా ముందుకు వంగి చెవి ఒగ్గాడు.

అప్పటికే రెండో పాట మొదలైంది.