చల్లటి డబ్బా

తడి కాగితం విప్పి చూశాడు డ్వేన్. పది గంజాయి గింజల్లో ఒక్కటీ మొలకెత్తలేదు. కొడుకు చనిపోయే ముందు తీసి దాచిన విత్తనం అది. మళ్లీ దొరకదు.

విత్తనాల డబ్బాను ఫ్రిజ్‌లోంచి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకూడదు. తీస్తే గింజలకు చెమ్మ పట్టి చచ్చిపోతాయి. గంజాయి పండించే ఈ హంబోల్ట్ కొండల్లో ఇది తెలియనివాళ్లు లేరు.

"చల్లగా ఉండగానే మూత తీసింది నువ్వేనా?" భార్యను అడిగాడు.

"నేనే. ప్రతి ఆదివారం."

"మతి పోయిందా వెర్నా? ముప్పై ఏళ్లుగా పండిస్తున్నావు! ఒక్క పూట ఆగితే నీ సొమ్మేం పోయేది?"

వెర్నా లేచి, ఫ్రిజ్‌లోంచి డబ్బా తెచ్చి, అతని ముందే మూత తీసింది. తేమ పీల్చడానికి వేసిన బియ్యంలోంచి ఒక చీటీ లాగి చేతిలో పెట్టింది. కొడుకు రాత, సగం అలుక్కుపోయింది.

"అమ్మా, చల్లగా ఉండగానే తీసేశావు కదూ! నీకసలు ఓపికుందా? మూసెయ్, మూసెయ్."

"ఆగి తీస్తే వాడు నన్ను తిట్టినట్టు ఉండదు డ్వేన్," అంది.

డ్వేన్ చీటీ మడిచి, బియ్యంలో పెట్టి, మూత బిగించాడు. డబ్బా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాడు.

"ఆదివారం నన్నూ పిలువు," అన్నాడు.