రెండు వేళ్లు

"నోరు తెరిచి చెప్పవమ్మా, మూగనోము పట్టావా ఏంటి?" విసుక్కున్నాడు వేడ్.

ముసలావిడ పలకలేదు. మేళాలో చర్చి ఆడవాళ్లు పెట్టిన టీ కొట్టులో కప్పులు కడిగే మనిషి. మండుటెండలోనూ మెడకు రుమాలు చుట్టుకుంది. వేదిక వెనక్కి వచ్చి, వేడి తేనెనీళ్లు పిల్ల చేతికిచ్చి, రెండు వేళ్లు ఎత్తి నిలబడింది.

పిల్ల అంటే వేడ్ కూతురు వెర్నెల్. పదహారేళ్లు. టెనెసీలో ఏ రేడియో పెట్టినా ఆమె పాటే. ఆ పాతకాలపు పేరు నాయనమ్మ పెట్టింది. తన చిన్నప్పుడు రేడియోలో పాడిన ఎవరో పిల్ల పేరట. ఆ పిల్ల ఉన్నట్టుండి పాడటం మానేసిందట. "మొగుడొచ్చుంటాడు" అనేది నాయనమ్మ.

"రెండు ఆటోగ్రాఫులు కావాలేమో డాడీ." వెర్నెల్ గొంతు గరగరలాడింది.

"రాసి పడెయ్. పేరేంటవ్వా?"

ముసలావిడ తల అడ్డంగా ఊపింది. పిల్ల చేతిలో కలం లాక్కుని, కాగితం మీద ఆత్రంగా 'డి' అని రాసింది.

వేడ్ కలం లాగేసుకున్నాడు. "డి అంటే డోరిస్ కాబోలు. కానివ్వు బంగారం, టైమైపోతోంది."

'డోరిస్‌కి ప్రేమతో' అని రాసిచ్చింది వెర్నెల్. ఆ కాగితంతో సహా ముసలావిడను తెర అవతలికి నెట్టేశాడు వేడ్.

"డాడీ, మూడు వారాలుగా గొంతు మంట. డాక్టర్ మాట్లాడనే వద్దన్నాడు. ఈ ఒక్కరోజు మానేద్దాం."

"నాష్‌విల్ రికార్డు కంపెనీ వాళ్లు ముందు వరసలో కూర్చున్నారే తల్లీ! చివర్లో ఆ పై స్వరం వినడానికే వచ్చారు. సంతకాలైపోనీ, ఆ తర్వాత ఏడాది నోరు మూసుక్కూర్చో. పాడమంటే ఒట్టు."

కన్నతండ్రి ఉద్యోగం మానుకుంది వెర్నెల్ గొంతును నమ్ముకునే. తేనెనీళ్లు గడగడా తాగి, గిటారు తగిలించుకుని వెళ్లింది.

మొదటి పాట మొదలవుతుంటే ముసలావిడ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. చెయ్యి పైకెత్తి, మళ్లీ రెండు వేళ్లు.

పక్కనున్న అమ్మాయిలు అదేదో కొత్త ముచ్చట అనుకున్నారు. వాళ్లూ ఎత్తారు. చూస్తుండగానే మైదానమంతా రెండేసి వేళ్లు!

వెర్నెల్ మురిసిపోయి తనూ రెండు వేళ్లెత్తింది.

ముసలావిడ బావురుమంది. అభిమానం ఎక్కువై ఏడుస్తోందనుకున్నారు పక్కవాళ్లు.

చివరి చరణంలో, ఆ పై స్వరం దగ్గర, లోపలేదో పుటుక్కుమంది. ఆ తర్వాత వెర్నెల్ నోట గాలి తప్ప ఏమీ రాలేదు.

తెర వెనక, స్టీల్ గిటారు వాయించే బర్ల్ తాత మండిపడ్డాడు.

"ముందు నిలబడి శ్రుతి తగ్గించమన్నది ఎవరయ్యా? నేను తలెత్తేసరికి ఊరంతా అవే వేళ్లు, ఎవరివని నమ్మను?"

"శ్రుతేంటి తాతా?" వేడ్ తెల్లమొహం వేశాడు.

"మా రోజుల్లో వేదిక మీద వేళ్లతోనే చెప్పుకునేవాళ్లం. నాలుగు వేళ్లంటే 'ఈ', మీ పిల్ల పాడే శ్రుతి. రెండంటే 'డి', ఒక మెట్టు కింద. ఆ ఒక్క మెట్టు దిగి పాడుంటే గొంతు దక్కేది కదయ్యా!"

వెర్నెల్ టీ కొట్టుకు పరుగెత్తింది. బల్ల మీద తను రాసిచ్చిన కాగితం అలాగే ఉంది. మాట రాక, కొట్టు ఆవిడకు రెండు వేళ్లు చూపించింది.

"ఆవిడా? ఏడుస్తూ ఇంటికెళ్లిపోయింది తల్లీ. ఆవిడ గొంతు పోయిందీ ఈ వేదిక మీదే. అప్పటికి సరిగ్గా నీ ఈడు. రేడియోలో అంతా ఆవిడ పాటలే ఆ రోజుల్లో."

వెర్నెల్ వేలితో కాగితం మీది పేరు చూపించింది.

"డోరిసా? ఎవరు చెప్పారు? ఆవిడదీ నీ పేరే."