బానెట్ మీద బంక చుక్కలు

తెల్లవారుతూనే పెయింటరు మెత్తని గుడ్డ, నూనె సీసా, స్పిరిట్ పట్టుకుని వీధిలోకి వచ్చాడు. చెట్టు కింద బావమరిది కారు. బానెట్ మీద బంక చుక్కలు. లెక్కపెట్టాడు. తొమ్మిది.

ఏడింటికి బావమరిది పై వాటా నుంచి దిగుతాడు. ఈలోగా ఒక్క మచ్చ కూడా మిగలకూడదు. మిగిలితే చెట్టు ఉండదు.

ఆ చెట్టు పెయింటరు భార్య నాటింది. ఏ చెట్టో ఎవరికీ తెలియదు. రెండుసార్లు ఎండిపోయి మళ్లీ చిగురేసిందని దానికి ‘మొండిది’ అని పేరు పెట్టింది. "మొండిదానికి నీళ్లు పోశావా?" అని రోజూ మొగుడి ప్రాణం తీసేది. నాలుగు నెలల కిందట ఆవిడ పోయింది. మొండిది మిగిలింది.

ఆవిడ పోయాక పెయింటరు మంచం దిగలేదు. కార్లకు రంగులేసే తన షెడ్డు తాళం తీయలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. పైనుంచి పళ్లెం వస్తే రెండు ముద్దలు మింగేవాడు, లేకపోతే అదీ లేదు. కంట్లోంచి చుక్క నీరు కూడా రాలేదు.

సరిగ్గా అప్పుడే బావమరిది, ఎప్పుడూ రేకుల కింద ఉంచే కారును తెచ్చి చెట్టు కింద పెట్టాడు. రేకులు ఊగుతున్నాయట. వారం తిరక్కుండా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"బావా, నీ చెట్టు నా బండి మీద బంక కారుస్తోంది. ఇంకొక్క చుక్క నా కంటబడిందా, ఆ రోజే రంపం వాళ్లను పిలుస్తా."

"మీ అక్క పెంచిన చెట్టురా అది."

"అక్క ఉంటే అక్కకీ ఇదే చెప్పేవాణ్ణి. ఏడింటిలోగా తుడిస్తే తుడువు, లేదంటే కొట్టిస్తా."

బావ బతుకు కోరేవాడు బామ్మర్ది అనే సామెత ఎవడు పుట్టించాడో గానీ, వాడికి ఇలాంటి బామ్మర్ది ఉండి ఉండడు. పెయింటరు ఒళ్లు మండిపోయి మంచం మీంచి లేచాడు. ఆ రోజు నుంచి రోజూ లేస్తూనే ఉన్నాడు.

బంక తీయడం తొందరపని కాదు. గోటితో గీకితే రంగు లేస్తుంది. ఎండ తగిలితే రాయవుతుంది. ముందు నూనె రాసి నాననివ్వాలి. గోరువెచ్చని తడిగుడ్డ కాసేపు అద్ది ఉంచాలి. మెత్తబడ్డాక స్పిరిట్ గుడ్డతో నెమ్మదిగా ఎత్తాలి. చివర మైనం పూసి మెరుగు పెట్టాలి. ముప్పై ఏళ్ల పని. మనసు ఎక్కడున్నా చేతులు మరిచిపోలేదు.

మైనం కోసం ఇంట్లో పనిముట్ల పెట్టె తెరిచిన మొదటి రోజే చూశాడు, సన్న బ్రష్షు లేదు. ఆవిడే సర్దుతూ ఎక్కడో పెట్టి ఉంటుందనుకున్నాడు. అడగడానికి ఇక మనిషి లేదు.

ఏడింటికి బావమరిది వచ్చి బానెట్ మీద వేలు రాసి చూసేవాడు.

"ఇవాళ్టికి బతికిపోయింది నీ మొండిది."

"నీకు పుణ్యముంటుంది, బండి అవతల పెట్టుకోరా."

"పుణ్యం సంగతి తర్వాత. ఆ వైపర్ దగ్గర ఇంకోసారి చూడు."

పెయింటరు పళ్లు నూరుకుంటూ తుడిచేవాడు. తుడిచి తుడిచి ఆకలేసేది. ఆకలేస్తే తినేవాడు. స్పిరిట్ అయిపోయిన రోజు షెడ్డు దాకా నడిచి తాళం తీశాడు.

ఒక్కటే అంతుపట్టలేదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఈ చెట్టు ఇంత బంక కార్చి ఎరగదు. ఆలోచించగా ఆలోచించగా అతనికి తట్టింది. ఇది ఏడుస్తోంది. తనకు రాని ఏడుపు దీనికొస్తోంది. ఆ ఉదయం చెట్టు మొదట్లో కూలబడి, ఆవిడ పోయాక మొదటిసారి ఏడ్చాడు.

తర్వాత బావమరిది పనిమీద నాలుగు రోజులు ఊరెళ్లాడు. కారు చెట్టు కిందే ఉంది. మొదటి రోజు బానెట్ మీద ఒక్క చుక్క లేదు. రెండో రోజూ లేదు. నాలుగో రోజూ లేకపోయేసరికి పెయింటరు చెట్టు దగ్గరికి పరిగెత్తాడు. బెరడు గీరి చూశాడు. లోపల పచ్చగానే ఉంది. మరెందుకు ఆగింది? ఇది కూడా వెళ్లిపోదామనుకుంటోందా?

"నువ్వు కూడానా?" అన్నాడు చెట్టుతో.

ఆ సాయంత్రం బావమరిది ఊరినుంచి దిగాడు. "తిన్నావా బావా?" అన్నాడు. పెయింటరు లోపలికెళ్లి మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. లైటు వేయలేదు. చెట్టునుంచి చుక్క రాలుతుందేమో చూద్దామని కిటికీ దగ్గర కూర్చున్నాడు. తూర్పున చీకటి పలచబడుతోంది. ఆకు కదలడం లేదు. కారు పక్కన ఎవరో వంగి ఉన్నారు.

చెట్టునేం చేస్తున్నారో అనుకున్నాడు. లేవబోయి ఆగాడు.

ఒక చేతిలో సీసాడు బంక, ఇంకో చేతిలో పెయింటరు సన్న బ్రష్షు పట్టుకుని, బానెట్ మీద ఒక్కొక్క చుక్కే పెట్టి, భుజానికి కళ్లు తుడుచుకుని, ఈ కిటికీలో లైటు వెలుగుతుందా లేదా అని చూస్తూ నిలబడ్డవాడు బావమరిది.