మొదటి మెడ

"ఆ పిల్ల చేతికి నా మెడ ఇచ్చేది లేదు. కావాలంటే ఇలాగే పక్కకి చూసుకుంటూ పొలమంతా విత్తుకుంటా" అన్నాడు వెండెల్ క్రూగర్.

మూడు రోజులుగా ఆయన తల ఎడమ భుజం మీదికి ఒరిగిపోయి ఉంది. అటూ ఇటూ తిప్పడానికి లేదు. అందుకే ఎదురుగా నిలబడ్డ టెస్సాను కూడా, చేలో వాలిన కాకిని చూసినట్టు, ఓరచూపు చూస్తున్నాడు.

టెస్సా కైరోప్రాక్టర్ పట్టా పుచ్చుకుని, అయొవాలోని ఈ మొక్కజొన్న ఊరికి వచ్చి మూడు వారాలైంది. చేతులతోనే వెన్నుపూసలు సరిచేసే ఆ వైద్యంలో పేరు మోసిన డాక్టర్ మార్లిస్ దగ్గర చేరింది. ఈ మూడు వారాల్లో టెస్సా బల్ల మీద పడుకున్న ప్రాణి ఒక్కటీ లేదు. వచ్చినవాళ్ళంతా "బాగున్నావా అమ్మాయ్" అని పలకరించి, మార్లిస్ గదిలోకి దూరిపోయేవాళ్ళు. పోయిన ఆదివారం కుక్క గొలుసు లాగేస్తే కిందపడ్డానంటూ మార్లిస్ చేతికి కట్టుతో వచ్చింది. ఇక తన దగ్గరికి రాక ఎక్కడికి పోతారులే అనుకుంది టెస్సా. "నీ చెయ్యి బాగయ్యాకే వస్తాంలే డాక్టరమ్మా" అని వాళ్ళు వచ్చిన దారినే పోయారు. శనివారం లోపు ఒక్కరైనా రాకపోతే పెట్టె సర్దుకుని ఒమాహాలో అమ్మ దగ్గరికి పోవాలని టెస్సా నిశ్చయించుకుంది. ఇవాళ గురువారం.

"మార్లిస్‌ని పిలు" అన్నాడు వెండెల్.

పిలవక్కర్లేకుండానే వచ్చింది మార్లిస్. తెల్ల జుట్టు, పొట్టి మనిషి. కుడిచెయ్యి మెడకి వేలాడే కట్టులో ఉంది.

"ఏంటి వెండెల్ ఆ రంకెలు? ఊసుపోక బయట కూర్చున్నవాళ్ళు కాఫీలు ఒలకబోసుకుంటున్నారు."

"నా మెడ చూడు."

"చూశాను. వంకరగా ఉంది. నాకు చెయ్యి లేదు, టెస్సా సరిచేస్తుంది."

"ఇంకా పాలపళ్ళయినా ఊడినట్టు లేవు మార్లిస్, ఈ పిల్లకి!"

"నలభై ఏళ్ళ కిందట నన్నూ ఇలాగే అన్నావు. ఆ తర్వాత నీ నడుముని ఎవరు నిలబెట్టారో కాస్త గుర్తు తెచ్చుకో."

వెండెల్ మార్లిస్ కట్టు వంక చూశాడు. ఆమె ముఖం వంక చూశాడు. "రేపు వానంటున్నారు. సగం పొలం ఇంకా అలాగే పడుంది" అని గొణుక్కుంటూ టోపీ తీసి కుర్చీలో పడేశాడు. "సరే పద అమ్మాయ్. దేవుడున్నాడు."

మార్లిస్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

టెస్సాకు అసలు కష్టం అప్పుడు మొదలైంది. కాలేజీలో అయితే పక్కన గురువు ఉండేవాడు. ఆయన "ఊఁ" అన్నాకే చెయ్యి కదపాలి. ఆ అలవాటుకొద్దీ తలుపు వంక చూసింది. "ఊఁ" అనే నాథుడు లేడు. పట్టా ఇచ్చేది కాలేజీయే గానీ, డాక్టర్ని చేసేది మొదటి రోగే. ఆ రోగి బల్ల మీద పడుకుని ఒంటికన్నుతో తననే గమనిస్తున్నాడు. చల్లబడిపోయిన అరచేతుల్ని టెస్సా గట్టిగా రుద్దుకుంది.

"చేతుల్లో తిమ్మిరేమైనా ఉందా? కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఇప్పటిదాకా లేదు. నువ్విలా అడుగుతుంటే తిరిగేలా ఉన్నాయి."

ఆమె నవ్వలేదు. వేళ్ళు పట్టుకుని బలం చూసింది. మోచేతుల మీద చిన్న సుత్తితో తట్టింది. చూపు చూసింది, నాడి చూసింది.

"మార్లిస్ ఇన్ని అడగదు" అన్నాడు వెండెల్.

"ఆవిడకి మీ మెడతో నలభై ఏళ్ళ స్నేహం. నాకు ఇవాళే పరిచయం." ఆ మాట తన నోటినుంచే వచ్చిందని టెస్సాకే ఆశ్చర్యం వేసింది. "ట్రాక్టర్ తోలుతూ పొద్దస్తమానం కుడి భుజం మీంచి వెనక్కి చూస్తారు కదూ?"

"గింజ పడుతోందో లేదో చూసుకోవద్దూ?"

"చూసుకోండి. మధ్యమధ్య బండాపి ఎడమపక్క కూడా చూస్తూ ఉండండి."

మెడలో బిగుసుకున్న చోటు ఆమె వేలికి దొరికింది. సందేహం లేదు, అదే. "గాలి పీల్చండి... మెల్లగా వదలండి." ఇక తలుపు వంక చూడలేదు. ఆమె చేతులు ఒక్క లిప్తపాటు కదిలాయి.

టక్కుమంది.

వెండెల్ లేచి కూర్చున్నాడు. తలను మెల్లగా ఎడమకు తిప్పాడు. కుడికి తిప్పాడు. టెస్సాను మొదటిసారి ఎదురెదురుగా, రెండు కళ్ళతో చూశాడు. టెస్సా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా తోచలేదు.

"కొంచెం లాగుతోంది" అన్నాడు.

"రెండ్రోజులు లాగుతుంది. సోమవారం ఒకసారి రండి."

"వస్తా. రేపు మా ఆవిడ లవోన్‌ని పంపిస్తా, దానికి నడుం నొప్పి." టోపీ పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి, బయటికి తొంగిచూసి, గొంతు తగ్గించాడు. "మార్లిస్‌కి ఒక మాట చెప్పమ్మా. ఇన్నేళ్ళలో ఆ మనిషి అబద్ధం ఆడగా నేను వినలేదు. అందుకే కాబోలు, నీకోసం ఆడదామంటే పాపం చేతకాలేదు. మొన్న సోమవారం లవోన్ చూసినప్పుడు ఆ కట్టు ఎడమచేతికి ఉందట. రేపు అది వచ్చేలోగా ఏదో ఒక చెయ్యి ఖాయం చేసుకోమను. లవోన్ నాలా నోరు మూసుకునే రకం కాదు."